ఒక్క తాళం కింద ఇద్దరు

రొట్టె ఇంకా విరవలేదు. ప్రభువు బల్ల మీద తెల్లగుడ్డ కింద ఉంది, గుడ్డ అంచు ఫ్యాను గాలికి లేచి పడుతోంది, లేచినప్పుడల్లా దాని గోధుమరంగు ఒంపు ఒకటి కనపడి మాయమవుతోంది. గోడ గడియారం పదీ ఇరవై. ప్రసంగం ఇంకో పావుగంట, ఆ తర్వాత ఎవరి మనసు వాళ్ళు తరచి చూసుకోవడానికి కాసేపు మౌనం, ఆ తర్వాత రొట్టె. మా సంఘంలో పళ్ళెం పట్టుకుని వరసల్లో తిరిగే పెద్దలు అందరికీ పంచాక ఆఖర్న తింటారు. ఈ వేపు పళ్ళెం నాది. ఆఖరి ముక్క నాది. గొంతు ఇప్పట్నించే ఎండిపోయి కూర్చుంది, ఉమ్మి మింగుదామంటే దిగడం లేదు, ఉమ్మే దిగనిది రొట్టె ఎలా దిగుతుంది. ఆ రొట్టె చేసింది మా ఆవిడ ధనలక్ష్మే, నిన్న సాయంత్రం తలారా స్నానం చేసి, కొంగు కప్పుకుని, పలకరిస్తే పలక్కుండా, పులవని పిండి ఒత్తి పెనం మీద కాల్చింది. పదకొండేళ్ళుగా మా ఇంటి రొట్టే ఈ రేకుల మందిరానికి. కాలుతున్న వాసన వస్తే నేను గడప దాటి వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఏటయ్యిందండీ అని అడిగింది తర్వాత. పొగ అన్నాను. పొగ నిజమే. ఈమధ్య నేను చెప్పేవన్నీ నిజాలే, అదే భయం.

మా అమ్మ ఆదిలక్ష్మమ్మ చెప్పేది, తగరపువలస దగ్గర మా ఊళ్ళో నూకాలని ఒకాయన ఉండేవాడట, కొత్తగా ప్రభువులోకి వచ్చిన నలుగురిలో ఒకడు, దున్నేటప్పుడు పక్కవాడి పొలం గట్టుని నాగలిచాలు మందం ఏటేటా జరుపుకుంటూ పోయాడట, ఆ సంగతి కడుపులో దాచుకుని బల్ల దగ్గర చెయ్యి చాచి రొట్టె తిన్నాడట, ఎనిమిదో రోజుకి దవడలు బిగుసుకుపోయి నోట్లో చెంచా పట్టలేదట. అయోగ్యంగా తిన్నవాడు తీర్పునే తింటాడర్రా అనేది అమ్మ, మా అందరి నోళ్ళూ తెరిపించి చూస్తున్నట్టు చూసేది. నేను డిగ్రీ చదివినవాణ్ణి, అది ధనుర్వాతం అమ్మా, మేకు గుచ్చుకుని ఉంటుంది అనేవాణ్ణి. మరి ఆ మేకు ఆ వారమే ఎందుకు గుచ్చుకుంది అనేది. ఇందాకట్నించీ నాలుకతో దవడ లోపల తడుముకుంటున్నాను. కుడివేపు కొంచెం బిగిసినట్టే ఉంది.

యార్డులో ఆ సంగతి జరిగి పంతొమ్మిది రోజులు. ముందు కూర్చున్నవాళ్ళ నెత్తుల మీంచి ఎల్లారావు పాస్టరుగారి మాట వస్తోంది. ఆయన చేపలరేవు మనిషి, ఇరవై ఏళ్ళు బోటెక్కి వల లాగిన గొంతు, మైకు అక్కర్లేదు గాని మైకు పట్టుకుంటేనే ఆయనకి ప్రసంగం వస్తుంది. "ధర్మశాస్త్రం సెయ్యి పట్టుకుంటాది. సంపొద్దు అన్నాది. నాను సంపనేదు కదండీ అని మనం బోర విరుసుకుని తిరుగుతాం. పెబువు కొండెక్కి కూకుని ఏటన్నాడు? సెయ్యి సంగతి సరేరా, ముందు గుండె సూపించు అన్నాడు. నీ తోడబుట్టినోడి మీద కోపం పెట్టుకున్నావా, ఎదవా అని తీసి పారేసినావా, అయిపోనాది, నువ్వప్పుడే కోర్టు గుమ్మంలో నిలబడ్డావు అన్నాడు." ఎవరో ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ నాదే అయి ఉండాల్సింది, రెండో వరసలో కూర్చుని వారం వారం గట్టిగా అనేది నేనే. ఆయన నా వేపు చూశాడా. చూడలేదు. ఆయనకేం తెలుసు. ఆయనకి తెలిసిందల్లా నా పేరు, అదీ ఆయన పెట్టిందే. బాప్తిస్మం నాడు నీళ్ళలోంచి లేపి, గంగరాజు పోనాడు, గిద్యోను లేసినాడు అన్నారు. గిద్యోను గొప్ప వీరుడని చెప్పారు. తర్వాత ఇంట్లో చదువుకుంటే తెలిసింది, దూత వచ్చేసరికి ఆ గిద్యోను శత్రువులకి భయపడి గానుగచాటున దాక్కుని గోధుమలు దుళ్ళగొడుతున్నాడు.

యార్డులో మాత్రం గంగరాజునే. రేవు పక్కన బొగ్గుయార్డు, కంపెనీ పేరెందుకు, నేను అక్కడ ఎలక్ట్రీషియన్ని. ఓడ వచ్చిందంటే బొగ్గు బెల్టుల మీద పరిగెడుతుంది, ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి పడేచోట ఇనప పెట్టెలాంటి చ్యూట్ ఉంటుంది, వానాకాలం తడిబొగ్గు అందులో పిడచలా కూరుకుపోతుంది. అప్పుడు లైను ఆపి, మనిషి లోపలికి దిగి, గునపంతో పొడిచి రాల్చాలి. దానికో రూలుంది. ప్యానెల్ రూములో నేను కరెంటు తీసి స్విచ్చికి నా తాళం వేస్తాను. దిగేవాడు ఎవడైతే వాడు, తన ఫోటో ఉన్న ఎర్రతాళం నా తాళం పక్కన వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. బయటికొచ్చి ఎవడి తాళం వాడే తియ్యాలి. బోర్డు మీద తాళం ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. తాళం లేదంటే మనిషి లేనట్టు. ప్రాణం విలువ తెలిసినవాళ్ళు రాసిన రూలది, తప్పు పట్టడానికి లేదు. చ్యూట్ లోకి దిగే కాంట్రాక్టు కూలీ అప్పలసూరి దాన్ని లెక్కచేసేవాడు కాదు. "నీ తాళం ఉంది కదా బావా, మళ్ళీ నాదెందుకు? నీ తాళం నా తాళం కాదేటి?" వాడొక్కడే కాదు, కాంట్రాక్టు మనుషులు సగంమంది అంతే, ఎర్రతాళాలు క్యాంటీను అలమరలో పడుంటాయి, తాళం కోసం అర కిలోమీటరు ఎవడు నడుస్తాడు. మొదట్లో తిట్టేవాణ్ణి. తర్వాత అలవాటైపోయింది. వాడు దిగేముందు పచ్చగళ్ళ తువ్వాలు చ్యూట్ తలుపు పిడికి తగిలిస్తాడు, బయటికి రాగానే తీసి తలకి చుట్టుకుంటాడు. ప్యానెల్ రూము కిటికీలోంచి నలభై అడుగుల దూరంలో ఆ పిడి కనిపిస్తుంది. తువ్వాలుంటే నా తాళం కదలదు. రెండేళ్ళు అలా నడిచింది. ఒక్క తాళం కింద ఇద్దరం.

ఆ రోజు పొద్దున్న గేటు బయట టీ దగ్గర. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి, ఇంత భయంలోనూ వేడెక్కుతున్నాయి, ఎంత సిగ్గులేని చెవులు. నేను ఎవడికో తాగుడు మానమని వాక్యం చెబుతున్నాను. అప్పలసూరి గ్లాసు పక్కన పెట్టాడు. "ఒరే, మా బావ ఆదివారం గిద్యోను, సోమవారం గంగరాజురా. మొన్న మా ఊరి అమ్మోరి పండక్కి వొచ్చి కోడికూర రెండోసారి ఎయించుకున్నది గిద్యోనో గంగరాజో అడగండెహె!" పదిమంది, ఒక్కసారి. టీ కొట్టువాడు కూడా, కెటిల్ కింద పెట్టి మరీ. నవ్వింది చాలక ఒకడు కోడిలా కూశాడు. మొక్కుకోడి అని తెలిసే తిన్నాను, రెండోసారి వేయించుకున్నదీ నిజమే, వాడి పెళ్ళాం చిలకమ్మ చేతి కూర. మొక్కు కూర సంఘపెద్ద తిన్నాడని మందిరానికి చేరితే పళ్ళెం నా చేతిలోంచి పోతుంది. వాడికి ఆ సంగతి తెలియదు, వాడికి అది వట్టి సరసం, రోజూ ఆడేదే, బావా అని పిలిచేవాణ్ణి ఆడించకపోతే ఇంకెవణ్ణి ఆడిస్తారు. నేను ఒక్కమాట అన్నాను, పళ్ళ మధ్యన. ఎదవ. ఎవరికీ వినపడలేదు. అదే మాట ఇప్పుడు మైకులో వచ్చింది.

ఆ తర్వాత మా మధ్య మాట లేదు. పది దాటాక చ్యూట్ కూరుకుపోయింది, నేను స్విచ్చి తీసి తాళం వేశాను, వాడు దిగాడు. దిగుతున్నానని చెప్పలేదు, ఎప్పటిలాగే తువ్వాలు తగిలించాడు, అంతే. నా పంతొమ్మిది రోజుల్లో నన్ను ఎక్కువ తినేసేది ఇదే. పొద్దున్న నన్ను అంతలా ఆడించినవాడు, నా మొహం మాడిపోవడం చూసినవాడు, మళ్ళీ వచ్చి నా తాళం కిందే దిగాడు. టీ దగ్గర జరిగినదానికీ తాళానికీ సంబంధం ఉంటుందన్న ఆలోచనే వాడి బుర్రకి రాలేదు. వచ్చింది నా బుర్రకే, వాక్యం చదివే బుర్రకి. పదకొండు కావస్తుండగా సాయిశంకర్ ఫోను, కంట్రోలు రూము నుంచి. "ఏటి గంగరాజుగారూ, ఓడ కాసుక్కూకుంది. లైను క్లియరేనా?" బోర్డు చూశాను. ఒకటే తాళం, నాది. కిటికీలోంచి చూశాను. పచ్చగళ్ళ తువ్వాలు. చూశాను కదా. ఔను, చూశాను. గాలికి ఒక కొస ఊగుతోంది కూడా.

అప్పుడు ఏమనుకున్నాను. పంతొమ్మిది రోజులుగా ఈ ఒక్క చోటికి వచ్చి ఆగిపోతున్నాను, చంపాలనుకున్నానా, లేదు, ప్రభువా లేదు, బెల్టు కదిలేముందు అరనిమిషం సైరన్ మోగుతుంది, సైరన్ వినగానే వాడు కెవ్వున కేకేసి బయటికి దూకుతాడు, నిలువెల్లా మసి, పంచె ఊడిపోతూ, కింద గునపాలు పట్టుకున్నవాళ్ళంతా చూస్తారు, పొద్దున్న నవ్విన నోళ్ళే వాణ్ణి చూసి నవ్వుతాయి. అంతే అనుకున్నాను. తాళం వెయ్యలేదు కాబట్టి బుద్ధి కూడా వస్తుందిలే అని దానికి ఒక నీతివాక్యం కూడా తగిలించుకున్నాను. క్లియర్ సార్ అన్నాను. నా తాళం నేనే తీశాను, ఎవరి తాళం వాళ్ళే తియ్యాలి. సైరన్ మోగింది. గునపం చప్పుడులో వాడికి వినపడలేదో, వినపడినా తడిబొగ్గులో కాలు దిగబడిపోయిందో. తువ్వాలు అలా ఊగుతూనే ఉంది. ఇప్పుడు దూకుతాడు, ఇప్పుడు దూకుతాడు అని కిటికీ దగ్గర నిలబడ్డాను, పెదవుల మీద నవ్వు సిద్ధంగా పెట్టుకుని. ఆ నవ్వు గుర్తుంది. కిటికీ అద్దంలో నా మొహం నాకు కనిపించింది. తర్వాత కేక. నేను ఆపు మీట నొక్కేసరికి ఎన్ని సెకన్లు, నాలుగో ఐదో. కుడికాలు మోకాలి కింద నుంచి లేదు.

"పరిసయ్యులంటే ఎవురనుకున్నారు?" పాస్టరుగారు నుదురు తుడుచుకుంటున్నారు. ఆదివారం పిల్లల తరగతిలో నేను చెప్పేవాణ్ణి, ధర్మశాస్త్రం అక్షరం తప్పక పాటించే పరిసయ్యులు చెడ్డవాళ్ళు, వేషధారులు అని. పిల్లలకి బొమ్మ కూడా గీసి చూపించాను, పొడుగు గడ్డం, దొంగచూపు. తప్పు గీశాను. దొంగచూపు ఉండదు. చూపు తిన్నగా బోర్డు మీదే ఉంటుంది. వాళ్ళు గట్లు జరిపినవాళ్ళు కారు, తాళాలు లెక్కగా వేసి లెక్కగా తీసినవాళ్ళు. ఎంక్వయిరీలో ముగ్గురు కూర్చున్నారు, మంచినీళ్ళ సీసా నా వేపు జరిపారు. బోర్డు మీద ఇంకో తాళం ఉందా? లేదు సార్. లోపల మనిషి ఉన్నట్టు నీకెవరైనా చెప్పారా? ఎవరూ చెప్పలేదు సార్. చూశావా అని అడగలేదు. అడిగి ఉంటే. అడగలేదు. ఒక్క తాళం అలవాటు గురించి మిగతావాళ్ళెవరూ నోరు విప్పలేదు, విప్పితే వాళ్ళ తాళాలూ అలమరలోనే ఉన్నాయి కదా. గంగరాజు పద్ధతి ప్రకారం నడుచుకున్నాడు అని రాశారు. ఆస్పత్రి మంచం మీంచి అప్పలసూరి కూడా అదే చెప్పాడు, "బావ తప్పేటీ నేదు సార్, నానే తాళం ఎయ్యనేదు" అని వేలిముద్ర వేశాడు. రేపు సోమవారం ఆ కాగితం మీద చివరి సంతకాలు. అది పడితే తప్పంతా వాడిదే, పని పోతుంది, రావలసిందేదీ రాదు, యార్డు గేటులోకి కర్రతో కూడా రానివ్వరు. రేపు. ఇప్పుడు పదీ ముప్పై ఐదు.

పోనీ క్షమాపణ లేదా. ఉంది. అదీ నాకు బాగా తెలుసు, నన్ను మించి తెలిసినవాడు ఈ మందిరంలో లేడు. మన నీతి మురికిగుడ్డ, ప్రభువు నీతి మన మీద కప్పబడింది, తండ్రి మనల్ని చూసినప్పుడు ఆ కప్పినదాన్నే చూస్తాడు. పంతొమ్మిది రాత్రులూ ఆ వస్త్రాన్ని మీదికి లాక్కుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. నిన్న తెలతెలవారుతుండగా తెలిసింది ఎందుకు పట్టలేదో. యార్డులో రూలు వెనక దాక్కున్నాను, ఇంట్లో కృప వెనక దాక్కుంటున్నాను. రెంటినీ ఒకే పనికి వాడుతున్నాను. అప్పలసూరి కాలు సంగతి దేవుడూ నేనూ గదిలో తలుపేసుకుని పరిష్కరించుకుంటే, వాడు తలుపు బయట ఒంటికాలి మీద నిలబడి ఉంటే, అది ఏం నీతి. అయ్యో, ఈ మాట ఎవరికి చెప్పను. చెబితే ఉద్యోగం. చెబితే పోలీసు. ధనలక్ష్మి మొహం. గేటు దగ్గర గునపాల వాళ్ళు, వాళ్ళు నవ్వరు ఈసారి. ఇవన్నీ ఒక పక్క, రొట్టె ఒక పక్క. తినకుండా పళ్ళెం పక్కన పెడితే అందరూ చూస్తారు, పెద్ద తినలేదేమని అడుగుతారు. నోట్లో పెట్టుకున్నట్టు పెట్టుకుని చొక్కా జేబులో వేసుకుంటే. ప్రభువు శరీరాన్ని జేబులో. ఒరే గంగరాజూ, నువ్వు నూకాలు కంటే తెలివైనవాడివిరా. దవడ బిగుస్తోంది. నిజంగానే బిగుస్తోంది.

గాలి కోసం తలుపు వేపు తిరిగాను. తలుపు పక్కన, చెప్పులు విడిచే చోటుకి ఆనుకుని, ప్రార్థన నూనె కోసం వచ్చే ఆడవాళ్ళు కూర్చునే చాప మీద చిలకమ్మ ఉంది. అప్పలసూరి పెళ్ళాం. ఎప్పుడొచ్చిందో. ఒళ్ళో నూనె సీసా, చంకలో ఆస్పత్రి అన్నం క్యారియరు. పక్కనావిడ ఆమె తల మీదికి కొంగు లాగి సర్దుతోంది. నన్ను చూసి రెండు చేతులూ జోడించింది. నాకు. ఇక్కడికి రమ్మని ఎవరు చెప్పి ఉంటారు, నేనే చెప్పాను, ఆస్పత్రికి యాపిల్ పళ్ళు పట్టుకెళ్ళిన రోజు, మందిరానికి రా చెల్లీ, ప్రార్థన చేయిద్దాం అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను.

మౌనం. అందరి తలలూ వంగాయి. ఎవరి హృదయం వాళ్ళు పరీక్షించుకోండి అన్నారు పాస్టరుగారు. దూరంగా రేవులో ఓడ ఒకటి కూత వేసింది, సైరన్ కాదు, ఓడే. గుడ్డ తీశారు. రొట్టె విరుస్తున్న చప్పుడు ఇంత చిన్నదా. పళ్ళెం నా చేతుల్లోకి వచ్చింది. పాట మొదలైంది. మొదటి వరస, రెండో వరస, చేతులు, చేతులు, బొగ్గు ఇంకిన గోళ్ళు, అంట్లు రుద్దీ రుద్దీ అరిగిన వేళ్ళు, కళ్ళు మూసుకుని ముక్క అందుకునే నోళ్ళు. వీళ్ళంతా ఎలా మింగుతున్నారు. పళ్ళెం ఖాళీ అవుతున్నకొద్దీ బరువెక్కుతోంది. ధనలక్ష్మి తీసుకుంది, నా మొహంలోకి చూసి కనుబొమ్మలు ముడిచింది. ఆరో వరస. ఏడో వరస. తలుపు దగ్గర చాప. బాప్తిస్మం లేనివాళ్ళ మీంచి పళ్ళెం కాస్త ఎత్తి పట్టుకుని దాటిపోవాలి, అదీ ఒక రూలే. ఎత్తాను.

"అన్నియ్యా." చిలకమ్మ చెయ్యి చాచింది. మొగుడు బావా అని పిలిచేవాణ్ణి ఆమె మొదటినించీ అన్నియ్యా అనే పిలుస్తుంది. "నాకో ముక్క ఎట్టండి. నాను తిననులెండి. ఆయనకి అట్టుకెల్తాను."

"ఇది పెసాదం కాదమ్మా," పక్కనావిడ గుసగుసగా, "ముంచుడు తీసుకున్నోళ్ళకే. నీకు పాస్టరుగారు తరవాత నూనె ఇత్తారు."

"నాకేటి తెలుస్తాది తల్లీ." చిలకమ్మ చెయ్యి వెనక్కి తియ్యలేదు. "రేత్తిరంతా నిద్ర నేదు ఆయనకి. నేని కాలు నొప్పెడతాందంట అన్నియ్యా. నేని కాలు! బొటనేలు లాగుతాంది, పట్టవే అంటాడు. ఏటి పట్టీది? దుప్పటి పట్టుకుని కూకున్నాను."

పళ్ళెంలో రెండు ముక్కలున్నాయి. ఇది నీకు కాదమ్మా అని నేనూ అనొచ్చు, అది నిజమే, ఇంకో నిజం. పాట రెండో చరణంలోకి వెళ్ళింది.

"ఆయన మీమీద ఒక్క మాట పడనీడండి," అంటోంది, "మా తమ్ముడు ఏటో అంటే కసిరీసినాడు. బావ తాళం తీసినాడంటే నాను బయటికొచ్చీసినాననుకునే తీసుంటాడు, నేకపోతే తీసీ మనిసి కాదు అన్నాడు."

"నానలాగ అనుకోనేదమ్మా."

నా గొంతే. ఊళ్ళో గొంతు, మందిరంలో ఎప్పుడూ వాడనిది.

"ఏటన్నియ్యా?"

"ఆడు లోపలే ఉన్నాడని నాకు తెలుసు. తువ్వాలు సూసినాను. సూసే తాళం తీసినాను."

పక్కనావిడ పాట ఆపేసింది. చిలకమ్మ చెయ్యి అలాగే చాచి ఉంది, అది వెనక్కి తీసుకోవాలని ఆమెకి గుర్తు లేదు. నా నోట్లోకి చూస్తోంది, ఆ మాట మళ్ళీ వస్తుందేమో అన్నట్టు.

"ఎందుకు?"

"పొద్దున్న నన్ను ఆడించినాడని. సైరన్ కి బెదిరి బయటికి ఉరుకుతాడు, అందరూ నవ్వుతారని."

"నవ్వడానికా."

అడగలేదు, అంది. అరుస్తుందనుకున్నాను. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను, పట్టుకుంటే బాగుండును. చాచిన చెయ్యి మెల్లగా మూసుకుంది. క్యారియరు తీసుకుని లేచింది, నూనె సీసా చాప మీదే వదిలేసింది.

"ఇది ఆయనకి తెల్సా?"

"తెలీదు."

"నాకెందుకు సెప్తన్నావు మరి? నడు. ఆయనకి సెప్పు."

పోయింది అన్నియ్య అన్న పిలుపు. మీరు నించి నువ్వు అయిపోయాను. ఆమె గడప దాటింది. నేను నిలబడ్డాను, నా కాళ్ళు రెండూ ఉన్నాయి, రెండూ కదలడం లేదు. పళ్ళెం పక్కనావిడ చేతుల్లో పెట్టాను, ఆవిడ నిప్పుల పళ్ళెం అందుకున్నట్టు అందుకుంది. గిద్యోనుగారూ, మైకులో పాస్టరుగారు, గిద్యోనుగారూ, ఏటయ్యింది. పాట చెదిరిపోతోంది. ధనలక్ష్మి లేచి నిలబడింది, నా వేపు రాలేదు, అక్కడే నిలబడింది. ఆమెకి రాత్రికి చెప్పాలి. కాదు, రాత్రికి ఎక్కడుంటానో. రేపు ముగ్గురి ముందూ చెప్పాలి, వాళ్ళు అడక్కపోయినా. దాని కంటే ముందు వాడి మంచం ఉంది. నన్ను చూడగానే బావా అంటాడు. అనేస్తాడు, నేను నోరు తెరిచేలోపే అనేస్తాడు, ఆ పిలుపు విన్నాక ఎలా చెప్పను. రొట్టె భయం చిన్నదైపోయింది, ఎప్పుడు చిన్నదైందో తెలియలేదు, ఇది దానికంటే పెద్దది, దీనికి మొహం ఉంది, దుప్పటి కింద ఒకవేపు పల్చగా ఉంటుంది.

చెప్పుల కోసం వెతకలేదు. ఎండ. రోడ్డు మీద మట్టి అరికాళ్ళకి కాలుతోంది. చిలకమ్మ మలుపు దగ్గర ఆటో ఆపింది. వెనక్కి తిరిగి చూడలేదు, నేను వస్తున్నానో లేదో చూడలేదు. ఆస్పత్రి పేరు చెప్పి ఎక్కింది. క్యారియరు ఒళ్ళో పెట్టుకుంది. మొహం అటువేపు తిప్పుకునే, సీటు మీద ఆ చివరికి జరిగింది.

ఆటో అతను నన్ను చూశాడు. "ఎక్కుతావేటి, నేదేటి?"

ఎక్కాను.